పికప్ బండికి కొత్త చాంబర్

బాన్సువాడ బస్టాండు దగ్గర కాసేపు నిలబడండి. రోడ్డు మీద పోయే బండ్లను చూడండి. బోధన్ పోయే బస్సు. వడ్ల లోడు ట్రాక్టరు. ఆటోలు. వాటి మధ్య ఎన్ని పికప్ బండ్లు! ముందు క్యాబిన్ ఉంటుంది. వెనుక సామాను వేసే తొట్టి ఉంటుంది. కూరగాయలు, పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, పెండ్లి సామాను, అన్నీ మోస్తుంది పికప్.

అలాంటి బండి ఒకటి ఒక అక్కకు ఉంది. ఆమెది బీర్కూర్ దిక్కు ఊరు. బండి నడిపేది ఆమె భర్త. కాని బండి కోసం మహిళా సంఘంలో అప్పు తీసుకున్నది ఆమె. కాగితం మీద సంతకం ఆమెది. నెల నెలా కిస్తీ కట్టేది ఆమె. బండి తిరిగితే కిస్తీ కడుతుంది. బండి ఆగితే అడుగుతారు. ఎవరిని అడుగుతారు? ఆమెనే అడుగుతారు.

అది యాసంగి కోతల కాలం. పొలం నుంచి వడ్ల బస్తాలు వేసుకొని వస్తున్నారు. కాలువ గట్టు పక్కన బాట. బాట మధ్యలో రాయి పైకి లేచి ఉంది. గడ్డిలో కనబడలేదు. బండి కింద ఠంగుమని చప్పుడు అయింది.

“ఏమైందయ్యా?” అన్నది అక్క.

“ఏం కాలే. రాయి తాకింది” అన్నాడు భర్త. బండి ముందుకు పోయింది.

కొంచెం దూరం పోయాక మీటరులో ఎర్ర దీపం వెలిగింది. ముక్కు ఉన్న చెంబు బొమ్మ అది. ముక్కు నుంచి ఒక చుక్క రాలుతున్నట్టు ఉంటుంది.

“ఆ ఎర్ర బొమ్మ ఏంది?”

“నూనె బొమ్మ. ఇంటికి పోయినంక చూద్దాం తీయ్.”

“ఇంటికి పోయినంక కాదు. ఇప్పుడే ఆపు.”

ఆయన విసుక్కున్నాడు. కాని ఆపాడు. తాళం చెవి తిప్పి ఇంజన్ బంద్ చేశాడు. ఇద్దరూ దిగి వెనక్కి చూశారు. బాట మీద నల్లటి గీత. దుమ్ములో నూనె ధారగా కారింది.

ఈ ఎర్ర చెంబు బొమ్మను గుర్తు పెట్టుకోండి. తాళం తిప్పగానే అది వెలుగుతుంది. ఇంజన్ మొదలైన తరువాత కొద్ది క్షణాల్లో ఆరిపోతుంది. అది మామూలే. బండి నడుస్తుండగా వెలిగితే మామూలు కాదు. ఇంజన్ లోపల ఇనుము మీద ఇనుము తిరుగుతూ ఉంటుంది. మధ్యలో నూనె పొర ఉంటుంది కాబట్టి అరగదు. పంపు నూనెను తోయడం లేదని చెప్పేదే ఈ దీపం. అప్పుడు నిమిషాల్లోనే ఇంజన్ పట్టేస్తుంది. చాంబర్ మార్చడానికి అయ్యే ఖర్చు ఒక లెక్క. ఇంజన్ విప్పి పని చేయడం వేరే లెక్క. దానికి ఎన్నో రెట్లు అవుతుంది. అందుకే ఇంటి దాకా కూడా పోకూడదు.

ట్రాక్టరుకు తాడు కట్టి బండిని బాన్సువాడలో మెకానిక్ షెడ్డుకు తెచ్చారు. మెకానిక్ చిన్నవాడే. బండి కింద పడుకొని టార్చి వేసి చూశాడు.

“అక్కా, చాంబర్ పగిలింది” అన్నాడు.

చాంబర్ అంటే ఏమిటి? ఇంజన్ అడుగున ఉండే తొట్టి. ఇంజన్‌లో తిరిగిన నూనె అంతా కిందికి దిగి ఈ తొట్టిలో చేరుతుంది. తొట్టిలో ఒక గొట్టం ఉంటుంది. గొట్టం చివర జాలి ఉంటుంది. పంపు ఆ జాలి గుండా నూనెను పీల్చి మళ్లీ పైకి పంపుతుంది. బావి, మోటరు, పైపు లాంటిదే ఈ ఏర్పాటు. చాంబర్ కొన్ని బండ్లకు ఇనుప రేకుది, కొన్నిటికి అల్యూమినియంది. రాయి తాకితే రేకు సొట్ట పోతుంది. అల్యూమినియం పగులుతుంది.

“ముద్ద పెట్టి అతికిస్తే నడవదా?” అన్నాడు భర్త.

“షెడ్డు దాంక రానీకె పనికొస్తది అన్నా. లోడు బండికి నమ్మలేం. వేడికి ఊడితే మళ్ల ఇదే కథ.”

కొత్త చాంబర్ వేయాలి. మరి ఒరిజినలా, లోకలా? బండి చేసిన కంపెనీ అమ్మేది ఒరిజినల్. బయటి కంపెనీలు చేసి అమ్మేది లోకల్ మాల్. లోకల్ ధర తక్కువ. లోకల్ అంటే అంతా చెడ్డదని కాదు. మంచి బయటి కంపెనీలు ఉన్నాయి. కాని చూసి కొనాలి. మెకానిక్ బండి పుస్తకం, పార్టుల జాబితా చూసి ఒక కాగితం మీద నంబరు రాసి ఇచ్చాడు. భర్త పోయి లోకల్ చాంబర్ తెచ్చాడు. బిల్లు తేలేదు.

“బిల్లేది?” అన్నది అక్క.

“చిన్న సామానుకు బిల్లు ఎందుకే?”

అక్క ఏమీ అనలేదు. డబ్బాను చేతికి తీసుకుంది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు ఇంకా సరిగా రావు. అంకెలు వచ్చు. కాగితం మీది అంకెలు ఒక్కొక్కటి చదివింది. డబ్బా మీది అంకెలు ఒక్కొక్కటి చదివింది. చివరి రెండు అంకెలు కలవలేదు.

“తమ్మీ, ఇవి వేరే ఉన్నయి.”

మెకానిక్ రెండు చాంబర్లను పక్క పక్కన పెట్టాడు. చూడటానికి ఒక్క తీరే ఉన్నాయి. పాత ప్యాకింగును కొత్త చాంబర్ అంచు మీద పరిచాడు. బోల్టు రంధ్రాలు అన్నీ కలిశాయి. “అయితది గదా” అన్నాడు భర్త. మెకానిక్ తల ఊపలేదు. షెడ్డులో స్కేలు అడిగాడు. పాత చాంబర్ లోతు కొలిచాడు. 15 సెంటీమీటర్లు. కొత్తది 13 మాత్రమే.

2 సెంటీమీటర్లకు ఏమవుతుంది? చాలా అవుతుంది. జాలి చాంబర్ అడుగుకు కొంచెం పైన ఉండాలి. తొట్టి లోతు తగ్గితే జాలి అడుగుకు ఆనుకుంటుంది. అప్పుడు నూనె రాదు. తొట్టి లోతు ఎక్కువైనా చిక్కే. జాలి పైనే ఉండిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నూనె ఒక పక్కకు పోతుంది. జాలి నూనెకు బదులు గాలి పీలుస్తుంది. బోరుబావిలో పైపు పైన ఉండి నీళ్లు కిందికి పోతే మోటరు ఏం చేస్తుందో మీకు తెలుసు.

ఇప్పుడు అక్కే దుకాణానికి పోయింది. దుకాణదారు మొదట ఒప్పుకోలేదు.

“ఇదే ఫిట్ అయితది అమ్మా. అందరికీ ఇదే ఇస్తున్న.”

“సేటూ, కాగితం మీద ఒక నంబరు ఉంది. డబ్బా మీద ఒక నంబరు ఉంది. రెండూ చదువు.”

ఆయన చదివాడు. లోపలికి పోయి వేరే డబ్బా తెచ్చాడు. ఈసారి అంకెలు కలిశాయి. ఈసారి బిల్లు కూడా రాయించుకుంది. బిల్లు మీద నంబరు వేయించింది.

ఆ సమయానికి అక్క తమ్ముడు షెడ్డుకు వచ్చాడు. ఆయన దుబాయిలో పికప్ నడిపి వచ్చాడు. మన పక్క నుంచి గల్ఫ్ పోయి డ్రైవరు పని చేసిన వాళ్లు చాలామంది కదా. ఆయన ఒక కొత్త సంగతి చెప్పాడు. అక్కడ చాలా బండ్లకు గేరు చేత్తో వేయరు. గేరు దానంతట అదే మారుతుంది. అమెరికాలో కూడా అంతే. అలాంటి గేరు బాక్సులో ఒక పలుచని నూనె ఉంటుంది. ఎక్కువగా ఎర్రగా ఉంటుంది. ఆ నూనె ఒత్తిడితోనే గేర్లు మారతాయి. ఆ గేరు బాక్సు కింద కూడా ఒక తట్ట ఉంటుంది. చాలా బండ్లకు ఆ తట్టకు నూనె తీసే బోల్టు ఉండదు. నూనె మార్చాలంటే తట్ట మొత్తం విప్పాలి. విప్పేవాడి మొహం మీదే నూనె పడుతుంది. అందుకని అక్కడి వాళ్లు బయటి కంపెనీ తట్ట కొని బిగిస్తారు. దానికి కింద బోల్టు ఉంటుంది. లోపల అయస్కాంతం ఉంటుంది. అరిగిన ఇనుప పొడి దానికి అంటుకుంటుంది. సన్నని బూడిద లాంటి పొడి ఉంటే భయం లేదు. ముక్కలు ఉంటే గేరు బాక్సు విప్పాల్సిందే.

“ఆ తట్టలు కూడ లోతుగ ఉంటయి” అన్నాడు తమ్ముడు. “లోతు ఎక్కువైతే లోపలి ఫిల్టరును కిందికి దించే ముక్క పెట్టాలె. లేకుంటే గాలి గుంజుతది. నూనె కూడ ఎక్కువ పడతది.”

మెకానిక్ నవ్వాడు. “దుబాయిల అయినా బాన్సువాడల అయినా జాలి లెక్క ఒక్కటే.”

మన దగ్గర పాత పికప్‌లకు ఎక్కువగా చేతి గేరే. వాటి గేరు బాక్సుకు ఇలాంటి తట్ట ఉండదు. చిక్కటి గేరు నూనె పోయడానికి పక్కన ఒక బోల్టు, తీయడానికి కింద ఒక బోల్టు ఉంటాయి.

ఇక బిగించే పని. బండిని చదును నేల మీద నిలిపారు. చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టారు. జాకీతో లేపి కింద స్టాండ్లు పెట్టారు. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు. జాకీ జారితే మనిషి మిగలడు. ఇది మీ ఇంట్లో మగవాళ్లకు, పిల్లలకు గట్టిగా చెప్పండి. బ్యాటరీ తీగ తీశాడు. మిగిలిన నూనెను టబ్బులోకి వదిలాడు. చుట్టూ ఉన్న బోల్టులను పానాతో విప్పాడు. చాంబర్ అంటుకొని ఉంటే రబ్బరు సుత్తితో మెల్లగా కొట్టాడు. ఊడి వచ్చింది.

తరువాత చాలాసేపు పట్టిన పని ఒకటి ఉంది. ఇంజన్ అంచుకు పాత ప్యాకింగ్ ముక్కలు అతుక్కొని ఉన్నాయి. మెకానిక్ వాటిని గోకి, గుడ్డతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. “ఎన్నిసార్లు తుడుస్తవ్ తమ్మీ?” అన్నది అక్క. “అన్నం గిన్నె తోమినట్టు తోమాలె అక్కా. గీత అంత మురికి ఉన్నా అక్కడికెళ్లి కారుతది.” జాలిలో అల్యూమినియం పలుకులు చిక్కాయి. జాలిని డీజిల్‌తో కడిగి ఆరబెట్టాడు.

కొత్త ప్యాకింగ్ పెట్టాడు. చాంబర్ ఎత్తి అన్ని బోల్టులూ ముందు చేత్తో తిప్పాడు. తరువాత పానాతో మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు, ఈ పక్కది ఒకటి, ఆ పక్కది ఒకటి బిగించాడు. ఒక పక్క అంతా ముందే బిగిస్తే రెండో పక్క లేస్తుంది. బలం ఉంది కదా అని లాగి బిగించకూడదు. ఇవి చిన్న బోల్టులు. ఎక్కువ బిగిస్తే తెగుతాయి. రేకు చాంబర్ అయితే అంచు వంగి నూనె కారుతుంది. కింది బోల్టుకు కొత్త వాషర్ వేశాడు. వాషర్ ధర కొంచెమే. పాతది వేస్తే చుక్క చుక్క కారుతూనే ఉంటుంది.

నూనె టిన్ను తెచ్చారు. దాని మీద 15 డబ్ల్యు 40 అని ఉంది. 40 అనే అంకె వేడి ఇంజన్‌లో నూనె ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. డబ్ల్యు ముందు ఉన్న అంకె చలిలో ఎలా పారుతుందో చెబుతుంది. అది చిన్నదైతే చలిలో తేలికగా పారుతుంది. అన్ని బండ్లకూ ఒకే నూనె కాదు. బండి పుస్తకంలో ఏ అంకెలు, ఏ అక్షరాలు ఉన్నాయో టిన్ను మీద అవే ఉండాలి. టిన్ను మూత సీలు చూడండి. సీలు తీసి ఉంటే వద్దనండి.

కొలిచి నూనె పోశారు. బ్యాటరీ తీగ తగిలించారు. తాళం తిప్పారు. ఎర్ర చెంబు వెలిగింది. అందరూ అటే చూశారు. ఇంజన్ మొదలైంది. చెంబు ఆరిపోయింది. ఇంజన్ ఆపి కొద్ది నిమిషాలు ఆగారు. గేజి తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీశారు. గేజి మీద రెండు గీతలు ఉంటాయి. నూనె ఆ రెండు గీతల మధ్య ఉండాలి. ఈ పని చేయడానికి డ్రైవరే కావాలా? రోజూ పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మీరూ చూడవచ్చు.

టబ్బులో పాత నూనె మిగిలింది. “కాలువల పోస్త” అన్నాడు షెడ్డులో పిల్లవాడు. అక్క ఒప్పుకోలేదు. ఆ కాలువ నీళ్లే పొలాలకు పారుతాయి. పశువులు తాగుతాయి. వాడిన నూనె చట్టం ప్రకారం ప్రమాదకరమైన వ్యర్థం. దాన్ని మూత ఉన్న డబ్బాలో పోసి, పాత నూనె కొనే అనుమతి ఉన్న వాళ్లకు ఇవ్వాలి. చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి.

ఇంటికి వచ్చాక అక్క సంఘం లెక్కల నోటు పుస్తకం తీసింది. వెనుక పేజీలో బండి పేరు రాసింది. తేదీ రాసింది. మీటరులో ఉన్న కిలోమీటర్లు చూసి వచ్చి రాసింది. కొత్త చాంబర్ నంబరు, నూనె ఎన్ని లీటర్లు, మెకానిక్ కూలి ఎంత, అన్నీ రాసింది. బిల్లును ఆ పేజీలోనే మడిచి పెట్టింది.

రాత్రి బండి కింద ఒక అట్ట ముక్క పరిచింది. తెల్లారి భర్త లేవక ముందే అట్టను బయటికి లాగింది. ఒక మూల చిన్న మరక ఉంది. వేలితో తాకి వాసన చూసింది. నీళ్లు. రాత్రి మంచు కారింది. మిగతా అట్ట అంతా పొడిగా ఉంది.

“లే అయ్యా” అని పిలిచింది. “బస్తాలు ఎక్కియ్యాలె.”