పెద్ద హోటల్ పేరు ఎలా పెరుగుతుంది: సూళ్లూరుపేట పిల్లలకు అనుభవ పాఠాలు

పక్కనున్న శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే రోజున సూళ్లూరుపేటలో లాడ్జి గది దొరకడం కష్టం. శ్రీహరికోట దీవి అంతరిక్ష శాఖ చేతిలో ఉంది, పక్కనున్న పులికాట్ సరస్సు పక్షులది. స్టార్ హోటళ్లకు అక్కడ చోటు లేదు, ఉండకూడదు కూడా. అందుకే హోటల్ పని నేర్చుకోవాలంటే మా తీరం పిల్లలు చెన్నైకో హైదరాబాదుకో పోవాల్సిందే. నేనూ అలాగే వెళ్లి, హౌస్‌కీపింగ్‌లోనే రిటైరయ్యాను. ఇప్పుడు బయల్దేరేవాళ్లకు నాకు తెలిసింది చెబుతున్నాను.

1. పనితనం ముందు, విస్తరణ తర్వాత. జంషెడ్‌జీ టాటా బొంబాయిలో తాజ్ మహల్ హోటల్ తెరిచింది 1903లో. ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు ఆ పేరు చెబితే ఆ ఒక్క హోటలే గుర్తొచ్చేది. 1970ల మొదట్లో ఉదయపూర్ లేక్ ప్యాలెస్, జైపూర్ రాంబాగ్ ప్యాలెస్ తాజ్ చేతికొచ్చాయి. 1974లో మద్రాసులో తాజ్ కోరమాండల్ తెరుచుకుంది. అన్నేళ్లు ఒకేచోట పాతుకున్న పని పద్ధతి ఉంది కాబట్టే తర్వాత ఊరూరికీ పోగలిగారని నా నమ్మకం.

2. గోడలు ఒకరివి, బోర్డు ఇంకొకరిది. ఇది బాగా అర్థం చేసుకోండి. బంజారాహిల్స్‌లోని తాజ్ కృష్ణాను పాతవాళ్లు కృష్ణా ఒబెరాయ్ అనేవారు. హోటల్ నెల్లూరు జిల్లాలో పుట్టిన జి.వి.కృష్ణారెడ్డి గారి జీవీకే సంస్థది. మొదట ఒబెరాయ్ నడిపింది, తర్వాత తాజ్ వచ్చింది. జీవీకే, తాజ్ కలిసిన తాజ్ జీవీకే కంపెనీ చెన్నైకీ చండీగఢ్‌కీ కూడా వెళ్లింది.

ప్రతి ఊళ్లో స్థలం కొని సొంత డబ్బుతో కట్టాలంటే ఎంత పెద్ద కంపెనీ అయినా కొన్ని హోటళ్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే మేనేజ్‌మెంట్ కాంట్రాక్టు పుట్టింది. కట్టేది యజమాని, నడిపేది హోటల్ చైన్. రాబడిలో ఇంత, లాభంలో ఇంత అని చైన్‌కు ఫీజు ముడుతుంది. పేచీ కూడా ఇక్కడే. కార్పెట్లు మార్చాలని చైన్ అంటుంది, ఇంకో ఏడాది లాగిద్దామని యజమాని అంటాడు. మధ్యలో ఆ పాత కార్పెట్‌ను రోజూ రుద్దేది మనం. అతిథికి మాత్రం యజమాని పేరు తెలియదు, తలుపు మీదున్న పేరే తెలుసు.

3. పాత భవనం ఓపిక అడుగుతుంది. హైదరాబాదులో నవాబు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమా ప్యాలెస్‌ను తాజ్ లీజుకు తీసుకుంది. నిజాం కుటుంబపు ఎస్రా యువరాణి పర్యవేక్షణలో ఏళ్ల తరబడి మరమ్మతు చేసి 2010 నవంబరులో తెరిచారు. అంతా చేసి అరవై గదులే. అక్కడి 101 మంది కూర్చునే భోజనబల్లకు గది అద్దెల లెక్క కట్టలేం. అలాంటి ప్యాలెస్ మొత్తం చైన్‌కే పరువు తెస్తుంది.

4. అద్దాన్ని పక్కనుంచి చూడండి. ఎదురుగా నిలబడితే మన ముఖమే కనబడుతుంది, వేలిముద్ర కనబడదు. గది సర్దేటప్పుడు తలుపు దగ్గర మొదలుపెట్టి గోడ వెంబడి ఒకే వైపుగా గది చుట్టి రావాలి, అప్పుడు ఏదీ తప్పిపోదు. దుప్పటి పరిచాక అరచేత్తో నిమిరితే కంటికి దొరకని వెంట్రుక చేతికి దొరుకుతుంది. చివరగా అతిథి పడుకునే వైపు కూర్చుని, ఆ ఎత్తు నుంచి గదిని చూడాలి. దీపపు షేడ్ లోపలి దుమ్ము అక్కణ్నుంచే కనబడుతుంది. షిఫ్టుకు పది పన్నెండు గదులు పడినా ఇది మానకూడదు. వందో హోటల్ తెరిచినా అతిథి చూసేది తన ఒక్క గదినే.

5. 2008 నవంబరు 26 ఉగ్రదాడి గురించి చదవండి. ముంబయి తాజ్ సిబ్బందిలో ఎందరో తాము బయటపడే దారి తెలిసి కూడా అతిథులను వదల్లేదు. కొందరు ప్రాణాలే ఇచ్చారు. 2010 ఆగస్టు 15న పాత ప్యాలెస్ భాగం మళ్లీ తెరుచుకుంది. తాజ్ పేరు విలువలో ఆ సిబ్బంది వాటా ఏ ఖాతా పుస్తకంలోనూ కనబడదు.

6. చేరేముందు అడగండి. ఉద్యోగం కంపెనీ కిందా, కాంట్రాక్టర్ కిందా? పీఎఫ్, ఈఎస్ఐ ఎవరు కడతారు? రాత్రి షిఫ్టుకు బండి ఉందా? సర్వీస్ చార్జీలో వాటా ఇస్తారా? పైన ఎంత పెద్ద బోర్డున్నా మీ జీతం చీటీ మీద ఎవరి పేరుంటుందో చూశాకే సంతకం పెట్టండి.