సంతకమైన పిదప ఏడువవలెనా?

సమస్య

అయ్యా, మాది తెనాలి దగ్గరి పల్లె. అమెరికా పౌరసత్వము గల వరునితో వివాహమై, ఏడాదిన్నర క్రిందట గ్రీన్‌కార్డుపై టెక్సాస్ రాష్ట్రమునకు వచ్చితిని. నా కార్డు రెండేండ్ల గడువు గలది; ఇంక ఆరు నెలలున్నవి. మావారు చేయి చేసికొనలేదు గాని, మాటతో కోయని దినము లేదు. ఎవరితో ఫోనులో మాట్లాడితినో లెక్క చెప్పవలెను. పాలు కొన్నను రసీదు చూపవలెను. ఎదురాడినచో, "నేను సంతకము పెట్టకున్న మరునాడే నిన్ను విమాన మెక్కింతురు" అందురు. పాస్‌పోర్టును, కార్డును మామగారు బీరువాలో పెట్టి తాళము వేసిరి. అమ్మతో చెప్పుకొంటిని. "ముందు సంతకము కానీ, ఆ పిదప ఏడుద్దువుగాని" అన్నది. చెల్లెలికి సంబంధములు చూచుచున్నారు. నేనేమి చేయుదును?

— ఒక సోదరి, ఫ్రిస్కో

సలహా

అమ్మాయీ,

భార్యను బెదిరించు భర్తల కథలు మాకు వచ్చు ఉత్తరములలో క్రొత్తవి గావు. నన్ను నిలువనీయనిది మీ అమ్మగారి మాట. కన్నతల్లి కూతురి దుఃఖమునకు వాయిదా వేసినది!

మొదట ఆ సంతకము సంగతి తేల్చెదను. బూటకపు పెండ్లిండ్లను అరికట్టుటకై అమెరికా ప్రభుత్వము 1986లో చేసిన చట్టమును బట్టి, నీ వంటివారు గడువు తీరుటకు ముందరి 90 దినములలో, కార్డు స్థిరపడుటకై, ఐ-751 అను దరఖాస్తును దంపతులిద్దరి సంతకములతో పంపుకొనవలెననుట నిజమే. కాని 1990లో దానిని సవరించి, నిజముగా కాపురము చేయదలచి పెండ్లాడియు భర్తచే హింసల పాలైన స్త్రీ, ఆ 90 దినముల కొఱకు వేచియుండక, విడాకులు కాకున్నను, తానొక్కతెయే దరఖాస్తు చేసికొనవచ్చునని దారి చూపిరి. దేహముపై దెబ్బ పడనక్కరలేదు. మానసిక హింసయు అందులో చేరును. విడాకులైనచో మరియొక మార్గమును గలదు. హింస కారణముగా చేసికొన్న దరఖాస్తు సంగతి అధికారులు భర్తకు తెలుపరాదు. ఇక మరునాటి విమానము వట్టి బెదిరింపు: కార్డు గలవారిని పంపివేయవలెనన్న ఇమ్మిగ్రేషన్ న్యాయాధికారి యెదుట విచారణ జరుగవలసినదే. (భర్త ఉద్యోగ వీసాను బట్టి వచ్చు హెచ్-4 వీసాపై నున్న సోదరీమణులు దీనిని తమకు అన్వయించుకొనరాదు, విడాకులతో ఆ హోదా పోవును గనుక వారు వేఱుగా న్యాయవాదిని అడుగవలెను.)

ఇక మీ అమ్మగారు. ఆమె తన మాటను లౌక్యమనుకొన్నది. లౌక్యముగా చూచినను అది తప్పుడు లెక్క. అధికారి అడుగునది సాక్ష్యము. సంతకమగువరకు ఎవరికిని చెప్పక దిగమ్రింగిన దుఃఖమునకు సాక్ష్యమెక్కడిది? నేడు వైద్యురాలితో చెప్పుకొన్నచో అది ఆమె కాగితములలో నెక్కును. స్నేహితురాలితో చెప్పుకొన్నచో ఆమె ప్రమాణపత్రము వ్రాసి యిచ్చును. కనుక నీవు ఏడువవలసినది ఇప్పుడే, నలుగురు వినగా. కాపురము నిజమైనదనుటకు ఉమ్మడి బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందము, పన్ను పత్రములు, ఛాయాచిత్రములు కావలెను. నీ భర్త పట్టి పట్టి అడిగిన ఆ రసీదులు సైతము అందులోనికి పనికివచ్చును, దాచిపెట్టుము.

అబ్బాయి జీతమెంత, పౌరసత్వమా గ్రీన్‌కార్డా, సొంత యిల్లా అద్దెయా యని పదిమందిని విచారించు మన పెద్దలు, కోపము వచ్చినపుడు ఆ మనిషి యెట్లుండునో విచారించుట మాత్రము మఱచి, వరుని సెలవు ముగియులోపల లగ్నము జరిపించి, శంషాబాదు విమానాశ్రయములో కన్నీళ్లు తుడుచుకొని యింటికి వచ్చి, "మా అమ్మాయి అమెరికాలో నున్నది" యను వాక్యమును వీథి వీథికి చెప్పుకొన్న పిదప, ఆ వాక్యమును వెనుకకు తీసికొనుట వారికి కూతురి కష్టముకంటె కష్టముగా తోచుచున్నది. మీ అమ్మకు నీపై ప్రేమ లేదనను. ఆ ప్రేమ ఇరుగుపొరుగును సంప్రదింపక నోరు విప్పలేకున్నది. చెల్లెలి సంబంధమందువా? అక్క తన కాపురములో నోరు తెఱచినదని తప్పుకొనువారు రేపు చెల్లెలి నోరు నొక్కువారే. వారు ముందే తప్పుకొనుట ఆ పిల్లకు మేలు. తల్లిదండ్రులు కూతురికి ఈయవలసిన కట్నము ఒక్కటే: "నీ గది అట్లే యున్నది, ఎప్పుడైనను రమ్ము" అను మాట. అది యిచ్చినవారి బిడ్డను ఏ సంతకమును బెదిరింపజాలదు. బంగారము పెట్టి పంపి ఆ మాట పెట్టనివారు ఎంతమందియో!

విడిపోవలెనా, దిద్దుకొనవలెనా యనునది నీవు భయము వదలిన తరువాత నిర్ణయించుకొనవలసినది, నేను చెప్పను. ఈ వారమే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలిసికొనుము. గృహహింస సహాయ కేంద్రము వారు 1-800-799-7233 సంఖ్యపై రాత్రింబవళ్లు పలుకుదురు. నీ ఫోను నీ భర్త చూచును గనుక స్నేహితురాలి ఫోనునుండి పిలువుము. పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు సొత్తు, నీ పేర నిచ్చినది. దానికి తాళము వేయుటకు నీ మామగారెవరు? చెల్లెలి పెండ్లికనియు, అమ్మకు జబ్బనియు చెప్పి ఎవరు పిలిచినను, పాస్‌పోర్టు, కార్డు రెండును నీ చేతిలో లేనిదే ఇండియా విమాన మెక్కవలదు.