గ గుణింతంలో ఇద్దరు: గబ్బిలం, గుర్రపుడెక్క

పిల్లలూ! ఆ రోజు బోర్డు మీద “గ – గబ్బిలం, గు – గుర్రపుడెక్క” అని రాసి, బొమ్మలు చూపించి, వీటిలో మంచిది ఏదని మేము అడిగాం. అందరూ పువ్వుకే చెయ్యెత్తారు. అందుకే ఈ పాఠం.

గుర్రపుడెక్క నీటిపై తేలే మొక్క. కాడలు గాలితో ఉబ్బి ఉంటాయి కనుక మునగదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. ఊదారంగు పూల అందం చూసి మనుషులే దీన్ని దేశదేశాలకూ మోసుకెళ్ళారు. కొల్లేరులో, గోదావరి కాలువల్లో ఎలా ఉంటుందో మీ అమ్మానాన్నల్ని అడగండి. 1890లలో ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నదిలో పడవలు కదలనివ్వలేదు. నీటిని కప్పేస్తే లోపలికి వెలుతురు, గాలి అందవు, చేపలు చస్తాయి. 1910లో లూసియానా కాంగ్రెస్ సభ్యుడు రాబర్ట్ బ్రూసార్డ్, దీన్ని మేయడానికి ఆఫ్రికా నుంచి నీటిగుర్రాలను తెప్పిద్దామని బిల్లు పెట్టారు! గుర్రపుడెక్కకు నీటిగుర్రం! బిల్లు నెగ్గలేదు, బతికిపోయాం.

ఇక గబ్బిలం. మన టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో కాంగ్రెస్ అవెన్యూ వంతెనను 1980లో బాగుచేశాక, కింది కాంక్రీటు సందుల్లో మెక్సికన్ ఫ్రీ టెయిల్డ్ గబ్బిలాలు చేరాయి. ఎవరూ పిలవలేదు. జనం భయపడి వెళ్ళగొట్టమన్నారు. 1986లో మెర్లిన్ టటిల్ అనే శాస్త్రవేత్త తన గబ్బిలాల సంరక్షణ సంస్థను అక్కడికి మార్చి, ఊరివాళ్ళకు ఓపికగా నచ్చజెప్పారు. ఇప్పుడు వేసవిలో 15 లక్షల దాకా ఉంటాయి. ఒక్క రాత్రిలో వేల పౌన్ల పురుగులను తింటాయి. చీకటిపడే వేళ అవి ఎగరడం చూడడానికి జనం వంతెన మీద బారులు తీరతారు.

మన ఇళ్ళలోనూ గబ్బిలం వస్తే అశుభమంటారు. అయినా జాషువా గారు 1941లో తన కావ్యానికి దాన్నే దూతగా ఎంచుకున్నారు, పేరు కూడా ‘గబ్బిలం’ అనే పెట్టారు.

అసలు తేడా ఇంకోటుంది. తల్లి గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. మందను చంపేస్తే మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. గుర్రపుడెక్క చిన్న ముక్క మిగిలినా చాలు, మళ్ళీ అల్లుకుంటుంది.

కింద పడిన గబ్బిలాన్ని మాత్రం ముట్టుకోకండి, రేబిస్ ఉండవచ్చు. పెద్దలకూ ఒక మాట: టెక్సాస్‌లో గుర్రపుడెక్కను ఇంట్లో ఉంచుకోవడం కూడా చట్టవిరుద్ధం. ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చే విత్తనాల సంగతీ కాస్త చూసుకోండి.

ఇంటిపని: కొలనులో ఒక్క గుర్రపుడెక్క ఉంది. రెండు వారాలకోసారి రెట్టింపైతే 26 వారాలకు ఎన్ని మొక్కలవుతాయి? జవాబును అంకెల్లో కాదు, తెలుగు అక్షరాల్లో రాసుకురండి.