ఎత్తిపోతల బాటలో మజిలీ

పంచాయతీ సభ్యులారా! వ్యానులలోనే వండుకొని, నిద్రించుచు దేశము చూచు యాత్రికులు నేడు కలరు. పూర్వము బండ్లవారికి ఊరి తోపులు మజిలీలైనట్లే వీరికిని ఉచితమగు తావు కావలెను.

మాచర్ల సమీపమున, చంద్రవంక 70 అడుగుల ఎత్తునుండి దుమికెడి ఎత్తిపోతల వద్ద, కనబడిన ఖాళీ నేలయెల్ల మజిలీకి తగదు. జలపాతము క్రింది మడుగులో మొసళ్ళు కలవు. ఎగువ వాన కురిసినచో వాగు హఠాత్తుగా పొంగును. రక్షిత అడవిలో అటవీశాఖ అనుమతి లేనిదే విడియరాదు, నిప్పు రాజేయరాదు.

కావున ఊరికి చేరువగా, వాగుకు ఎడముగా ఉన్న మెరక పంచాయతీ స్థలమును గ్రామసభలో నిర్ణయించి, బోర్డు పాతించుదము. మంచినీరు, మరుగుదొడ్డి చూపుదము. చెత్తను వెంట కొనిపొమ్మని చెప్పుదము. మనము చోటు చూపనిచో చీకటిలో వారే వెదకికొందురు. దానివలన కీడు వారికే కాదు, మనకును కలుగును.