పెద్ద సంస్థలో కాయకము



కాయకమనగానే తాడు పేనిన నులియ చందయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య మనకు జ్ఞప్తికి వత్తురు. వారు తమ పనిని తామే మొదలిడి తామే ముగించినవారు. తమ శ్రమఫలమును కన్నులార చూచుకొన్నవారు. నేడు మనలో పెక్కుమంది వేలాది ఉద్యోగులుగల సంస్థలలో పనిచేయుచున్నారు. అచట పనికి మొదలు ఒకరి చేతిలో, తుది వేరొకరి చేతిలో నుండును. అట్టి పనియందు తృప్తి యెట్లు కలుగును? వేదన యెందువలన కలుగును? ఈ పాఠమున దీనిని విచారింతము. ఇందుకు ఉదాహరణము మన చెంతనే కలదు. అవి నంద్యాల, ఆళ్లగడ్డ ఆర్టీసీ డిపోలు.

సంస్థ స్వరూపము

నిజాము రాజ్యమున 1932లో 27 బస్సులతో ప్రారంభమైన రవాణా వ్యవస్థ ఈ సంస్థకు మూలము. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడెను. అత్యధిక బస్సులుగల సంస్థగా 1999లో గిన్నిస్ గ్రంథమున కెక్కెను. రాష్ట్ర విభజన పిమ్మట తెలంగాణ సంస్థ వేరుపడెను. ఆంధ్రప్రదేశ్‌లోని 50,000కు పైగా ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1న ప్రభుత్వ ప్రజా రవాణా శాఖలో విలీనమైరి.

లభించు ఫలము

నెలనెలా జీతము, వైద్య సదుపాయము, కుటుంబమునకు బస్సు పాసులు, పదవీ విరమణ పిమ్మట కొంత ఆధారము — ఇవి అల్పములు కావు. వానకై ఆకాశమువైపు చూచు రైతు ఇంట పుట్టినవానికి ఈ నిశ్చింత విలువ బాగుగా తెలియును. అంతకు మించిన ఫలము మరియొకటి కలదు. నంద్యాల నుండి మహానందికి పోవు ముసలివాడును, ఆళ్లగడ్డ నుండి అహోబిలమునకు పోవు యాత్రికుడును, సిరివెళ్ల నుండి పరీక్షకు పోవు విద్యార్థియు ఆ బస్సునే నమ్ముకొందురు. ఒక్కడు చేయజాలని సేవను వేలమంది కలిసి చేయుదురు. అందు తనకును పాలున్నదని తలంచుట గొప్ప తృప్తి.

కలుగు వేదన

ఆళ్లగడ్డ శిల్పులకు ప్రసిద్ధి. శిల్పి చెక్కిన విగ్రహము అతని నేర్పును నూరేండ్లు చాటును. అదే ఊరి డిపోలో రాత్రివేళ బ్రేకులు సరిచూచు మెకానిక్కు పనికి ఫలమేమి? మరునాడు ప్రమాదము జరుగకపోవుటయే. జరుగని దానిని చూచి మెచ్చుకొనువా డెవడు?

డ్రైవరు నైపుణ్యమును లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చినవో ఆ లెక్కతో కొలుతురు. గుంతల దారిలో గర్భిణి యున్నదని మెల్లగా నడపిన జాగ్రత్త ఆ లెక్కలో కానరాదు. కండక్టరు కిక్కిరిసిన బస్సులో చిల్లర వెదకుచు, టిక్కెట్లు కొట్టుచు, దిగువారిని దింపుచు నుండును. ఇంతలో టిక్కెట్టులేనివాడు తనిఖీలో దొరికినచో ప్రయాణికునికి జరిమానా; తానును సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీ శక్తి పథకమున మహిళలకు ఉచిత ప్రయాణము లభించినది. ఆ టిక్కెట్టు వెల సున్న. ఇచ్చు శ్రమ మాత్రము సున్న కాదు.

కష్టముకన్న అనుమానమే ఎక్కువగా నొప్పించును. ఎరుగని అధికారి ఎక్కడనో కూర్చుండి, తన్ను చూడక, తన లెక్కను మాత్రమే చూచునను బాధ పెద్ద సంస్థలో సహజము.

బసవన్న ఉదాహరణము

బసవేశ్వరుడును గొప్ప ఉద్యోగియే. కల్యాణమున బిజ్జలుని భండారమునకు అధికారి. ప్రభువు ధనమును జంగములకు వ్యయము చేయుచున్నాడని కొండెములు పుట్టెననియు, భండారము తెరచి చూడగా ధనము తరుగలేదనియు బసవపురాణ కథ. ఇందు మనము గ్రహింపవలసినది రెండు విధములు. ఉద్యోగి లెక్క ఎప్పుడు తెరచినను చూపదగినదై యుండవలెను. అట్లే సంస్థయు కొండెము వినినంతనే దండింపక, లెక్క తెరచి చూచి నిర్ణయింపవలెను. మొదటి దానిని మాత్రమే బోధించి రెండవ దానిని మరచుట న్యాయము కాదు. ఓర్పు కార్మికునికే విధించిన ధర్మము కాదు. న్యాయముకై సంఘముగా కూడి అడుగుటయు కాయకమునకు విరోధము కాదు.

సారాంశము

పెద్ద సంస్థ ఇచ్చు తృప్తికిని, వేదనకును మూల మొక్కటే: మన చేయి అనేకుల చేతులలో కలిసిపోవుట. కలిసినందుననే పని గొప్పదగును. కలిసినందుననే మన చేయి కానరాకపోవును. కనుక మెప్పు పైనుండి వచ్చునని వేచియుండరాదు. రాత్రి బస్సు నిలిచిన పల్లెలో డ్రైవరు, కండక్టరులకు నీరిచ్చు ఇల్లాలు, క్షేమముగా దిగి కొడుకు చేయి పట్టుకొని పోవు ముసలమ్మ — వీరే ఆ పనికి సాక్షులు.

మననము చేయదగిన ప్రశ్నలు

1. నా పనివలన నేడు జరుగకుండ నిలిచిన కీడు ఏది?
2. నా లెక్కను ఈ క్షణమే తెరచి చూపగలనా?
3. నేను పై అధికారినైనచో, క్రిందివాని లెక్కతోపాటు వాని ముఖమును కూడ చూచితినా?
4. నేడు బస్సు దిగునపుడు కండక్టరుకు ఒక మంచి మాట చెప్పితినా?