నీరు నిలిచిన మడిలో నత్రజని నష్టం: నైట్రైట్ రిడక్టేజు పాత్ర

నెల్లూరు తీరంలోని చిల్లకూరు వంటి వరి ప్రాంతాలలో నీరు నిలిచిన మడికి పలుచని పైపొరలోనే ఆక్సిజన్ ఉంటుంది. అక్కడ చల్లిన యూరియా అమ్మోనియంగా, పిదప నైట్రేటుగా మారి కింది పొరకు దిగుతుంది. ఆక్సిజన్ లేని ఆ పొరలో బాక్టీరియా దానిని నైట్రైటుగా, ఆపై నైట్రిక్ ఆక్సైడుగా మారుస్తాయి.

ఈ రెండవ మార్పును కొన్ని బాక్టీరియాలలో రాగితో కూడిన నైట్రైట్ రిడక్టేజు జరుపుతుంది. అందులో ఒక రాగి కేంద్రం ఎలక్ట్రానును స్వీకరిస్తుంది, సుమారు 12.5 ఆంగ్‌స్ట్రాముల దూరంలోని రెండవది నైట్రైటును పట్టుకొంటుంది. నైట్రైటు కుదురుకొన్న తరువాతనే ఎలక్ట్రాను చురుకుగా దాటుతుంది. ముందే దాటితే రెండవ కేంద్రానికి నైట్రైటును పట్టే శక్తి తగ్గుతుంది.

నైట్రిక్ ఆక్సైడు బాక్టీరియాకే విషం కనుక, అది త్వరగా నైట్రస్ ఆక్సైడుగా, చివరకు నత్రజని వాయువుగా మారి గాలిలో కలుస్తుంది. రైతు కొన్న ఎరువులో కొంత అట్లా పోతుంది. దమ్ములో కింది పొరకు చేర్చిన యూరియా చాలావరకు అమ్మోనియంగానే నిలుస్తుంది. మడిని ఆరగట్టి మళ్లీ నీరు పెడితే మాత్రం నష్టం తిరిగి మొదలవుతుంది.