చక్కెర చెప్పే కబురు

సిద్దిపేట చుట్టుపక్కల మక్కచేలు చూడనివాళ్ళు మనలో ఉండరు. ఆకు ఎండలో చక్కెర తయారుచేస్తుందనీ, అది మొక్కకు ఆహారమనీ చిన్నప్పుడే చదువుకున్నాం. అది సగం సంగతే అంటాను నేను. చక్కెర మొక్కకు కబురు కూడా.

1990లో జెన్ షీన్ అనే శాస్త్రవేత్త మక్క ఆకు నుంచి విడదీసిన కణాలకు చక్కెర అందించి చూశారు. కిరణజన్య సంయోగక్రియకు కావలసిన జన్యువుల పని తగ్గిపోయింది. గాదె నిండింది, ఇక చాలన్నట్టన్నమాట!

మరి ఆ సంగతి కణానికెలా తెలుస్తుంది? గ్లూకోజ్‌ను వాడకానికి సిద్ధంచేసే హెక్సోకైనేజ్ అనే ఎంజైమే పసిగడుతుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొక్కలో 2003లో దీనికి రుజువు దొరికింది. ఆ ఎంజైమ్‌కు గ్లూకోజ్‌ను మార్చే శక్తి పోగొట్టినా, కబురందించే పని ఆగలేదు. వాడుకోవడం వేరు, కబురు చెప్పడం వేరని తేలింది.

ఇది రైతుకెందుకంటారా? కంకి చక్కెరను లాక్కుంటుంటేనే ఆకు చురుగ్గా పనిచేస్తుంది. గింజ సరిగా కట్టకపోతే చక్కెర ఆకులోనే పేరుకొని పని మందగిస్తుంది. కాబట్టి పచ్చని ఆకు చూసి మురిస్తే చాలదు. పూత, పీచు దశల్లో చేనుకు తడి తప్పకూడదు. ఇంటి దగ్గర మక్క వేసిన మిత్రులు ఈ మాట పెద్దవాళ్ళకు చెప్పండి.